పాత సామాన్ల బండి తీసుకోని ప్లాస్టిక్

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. వక్త పదో తరగతి 1986 బ్యాచ్ పూర్వ విద్యార్థి, ఇంజనీరు.)

 

స్వర్ణోత్సవ కమిటీ వారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి, "నీ ఉద్యోగానికి సంబంధించింది, ఊరికి పనికొచ్చేది ఏదైనా చెప్పు" అన్నారు. నేను పాతికేళ్ళకు పైగా ప్యాకింగ్ ఫిల్మ్ తయారయ్యే ఫ్యాక్టరీల్లో పనిచేశాను. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, మసాలా ప్యాకెట్లు చేయడానికి వాడే ఫిల్మ్ రోల్స్ తయారు చేసే యంత్రాల దగ్గరే నా సర్వీసు గడిచింది. కాబట్టి ఆ కవర్ ఖాళీ అయ్యాక దాని గతి ఏమిటో ఈ రోజు చెబుతాను. చివర్లో కమిటీ ముందు ఒక ప్రతిపాదన కూడా పెడతాను.

మన వీధుల్లో పాత సామాన్ల బండి రాని వారం ఉండదు. ఒకప్పుడు సైకిల్ మీద వచ్చి గొంతెత్తి అరిచేవాళ్ళు. ఇప్పుడు ఆటోకి మైకు కట్టి రికార్డు వేస్తున్నారు. ఇనుముకి, అట్టలకి, ప్లాస్టిక్‌కి డబ్బులిస్తారు, లేదంటే ఉల్లిపాయలు తూచి ఇస్తారు. గూడెం ఉల్లి మార్కెట్ పక్కనే ఉన్న మనకు అది అలవాటైన బేరమే. ఆ బండి మీదకి ఏవి ఎక్కుతాయో ఈసారి గమనించండి. నీళ్ళ సీసాలు, కూల్‌డ్రింకు సీసాలు, నూనె డబ్బాలు, విరిగిన కుర్చీలు, చిల్లు పడ్డ బక్కెట్లు ఎక్కుతాయి. కడిగి ఆరబెట్టి ఉంచితే పాల ప్యాకెట్లు కూడా కొందరు తీసుకుంటారు.

ఎక్కనివి ఏవంటే చిప్స్, బిస్కెట్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, కాఫీ పొడి ప్యాకెట్లు, టూత్‌పేస్ట్ ట్యూబులు, మాత్రలు అయిపోయిన స్ట్రిప్పులు, థర్మోకోల్, చిరిగిన ఫ్లెక్సీలు, కర్రీ పాయింట్‌లో సాంబారు కట్టించుకొచ్చిన పల్చటి కవర్లు, వెండి రంగు పూసిన బఫే ప్లేట్లు. "ఇవి వద్దండి" అని గుమ్మం పక్కన పెట్టి వెళ్ళిపోతాడు.

నా దృష్టిలో ఆ "వద్దండి" అన్న మాటే అసలైన లేబుల్. సీసా అడుగున మూడు బాణాల త్రికోణం, మధ్యలో 1 నుంచి 7 దాకా ఒక అంకె ఉంటుంది. అది చూసి చాలామంది ఇది రీసైకిల్ అవుతుందని అనుకుంటారు. ఆ అంకె చెప్పేది అది ఏ రకం ప్లాస్టిక్ అన్నది మాత్రమే. 1 అంటే పెట్, మన నీళ్ళ సీసా. 2 గట్టి పాలిథిన్, షాంపూ సీసాలు, డబ్బాలు. 3 పీవీసీ, పైపులు, ఫ్లెక్సీలు. 4 మెత్తటి పాలిథిన్, పాల ప్యాకెట్లు. 5 పాలీప్రొపిలీన్, కుర్చీలు, బస్తాలు. 6 పాలీస్టైరిన్, అంటే థర్మోకోల్. 7 మిగిలినవన్నీ, కలగలుపు రకాలు. ఆ వస్తువుని నిజంగా ఎవరైనా కొని మళ్ళీ ఇంకో వస్తువు చేస్తారా లేదా అన్నది బండివాడికి తెలుసు. అతని పొట్ట గడిచేది ఆ లెక్క మీదే.

అతను ఎందుకు వద్దంటాడో చూద్దాం. మొదటిది బరువు. ఖాళీ షాంపూ సాచెట్ గ్రాము కూడా తూగదు. కిలో కావాలంటే వెయ్యికి పైగా ఏరాలి. చిన్న చిప్స్ ప్యాకెట్ రెండు మూడు గ్రాములు ఉంటుంది. ఒక టన్ను కావాలంటే ఇవి సుమారు 4 లక్షలు కావాలి. నాలుగు కుర్చీలు తూచినంత సులువు కాదు. రెండోది మురికి. నూనె, పులుసు, తడి అంటుకున్న కవర్‌ని కడగడానికి అయ్యే నీళ్ళ ఖర్చు కూడా దాని ధరలో తిరిగి రాదు.

మూడోది, నా వృత్తికి సంబంధించింది, పొరలు. చిప్స్ ప్యాకెట్ చూడటానికి ఒకటే కాగితంలా ఉంటుంది గానీ అందులో రెండు మూడు పొరలు ఉంటాయి. పైన అచ్చు వేసిన పొర. మధ్యలో అల్యూమినియం పూత. అది ఎంత పల్చగా ఉంటుందంటే మైక్రాన్‌లో పదో వంతు కూడా ఉండదు. లోపల వేడికి అతుక్కునే పొర. గాలి, తేమ లోపలికి పోకుండా ఈ మూడూ కలిసి కాపలా కాస్తాయి. చాలా సాచెట్లలో పై పొర పెట్, లోపలి పొర పాలిథిన్. పాలిథిన్ 105 నుంచి 130 డిగ్రీల మధ్య కరుగుతుంది. చిప్స్ ప్యాకెట్లలో వాడే పాలీప్రొపిలీన్ 160 దాటాక కరుగుతుంది. పెట్ కరగాలంటే 250 డిగ్రీలు కావాలి. ఒకటి కరిగేసరికి ఇంకొకటి ఇంకా గట్టిగానే ఉంటుంది. అది కరిగే వేడికి మొదటిది మాడిపోతుంది. పోనీ అన్నీ కరిగినా నూనె, నీళ్ళలాగా ఒకదానితో ఒకటి కలవవు. ఆత్రేయపురం పూతరేకు చేతికిచ్చి, ఇందులో రేకు, బెల్లం, నెయ్యి మళ్ళీ విడివిడిగా తీసి ఇవ్వమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

నేను ఆ కవర్‌ని తిట్టడానికి రాలేదు. కారప్పొడి పురుగు పట్టకుండా, కాఫీ పొడి గడ్డ కట్టకుండా నెలల తరబడి కాపాడేది అదే. 1980లలో దక్షిణాదిలో షాంపూ సాచెట్ వచ్చాక కూలి డబ్బులతో ఇల్లు గడుపుకునే ఇంటికి కూడా షాంపూ అందింది. సీసా మొత్తం కొనలేనివాళ్ళకు అది ఉపకారమే. చిక్కల్లా ఖాళీ అయిన తర్వాత. అమ్మినవాడు, కొన్నవాడు, బండివాడు ముగ్గురూ వదిలేసిన ఆ కవర్ ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా.

మన ప్రాంతంలో అది పోయే దారి నీటి దారి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గట్టు మీద నుంచి చూసినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఏలూరు కాలువ గూడెం, ఉంగుటూరు మీదుగా పట్నంలోకి వస్తుంది. నీళ్ళు ఉన్నంతకాలం పైకి గుర్రపు డెక్క కనిపిస్తుంది. నీళ్ళు పోయాక అడుగున కవర్లు కనిపిస్తాయి. లాకుల దగ్గర, తూముల దగ్గర పేరుకుని, మళ్ళీ నీళ్ళు వదలగానే కిందికి కదులుతాయి. గూడెం వైపు ఎర్రకాలువ నీళ్ళు యనమదుర్రు డ్రెయిన్‌లో పడి భీమవరం మీదుగా సముద్రం దారి పడతాయి. ఏలూరు వైపు తమ్మిలేరు రెండు పాయలుగా చీలి ఊరిని చుట్టి, నేరుగా కొల్లేట్లోకి దిగుతుంది.

కొల్లేరు రెండు డెల్టాల మధ్య ఉన్న పల్లం. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు అందులోకే వస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు ఆ నీళ్ళు చివరికి చేరింది కూడా కొల్లేటికే. ఊళ్ళ మీద నుంచి వచ్చే వరద ఖాళీ చేతులతో రాదు. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెంచారు. అభయారణ్యం, ఆక్రమణలు, కాంటూరు గురించి మనలో మనకే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, ఈ హాల్లో కూడా ఉంటాయి. ఆ వాదనలోకి నేను పోను. చెరువు రైతైనా, లంక గ్రామంలో వలవేసే మనిషైనా, ఆటపాకలో గూడబాతులను చూడటానికి పిల్లల్ని తీసుకెళ్ళే మాస్టారైనా ఒప్పుకునే మాట ఒకటుంది. కొల్లేట్లో పడ్డ సాచెట్ తిరిగి తీయడం ఎవరి తరమూ కాదు. చుట్టూ నీళ్ళున్నా తాగే నీళ్ళు టిన్నుల్లో కొనుక్కునే ఊళ్ళ వాళ్ళు మన బ్యాచ్‌లలో ఎందరో ఉన్నారు. పైన మనం వదిలింది కింద వాళ్ళ గుమ్మానికి చేరుతుంది.

నీళ్ళలోకి పోనిది మంటలోకి పోతుంది. పెరట్లో ఆకులతో కలిపి అంటించడం, నీళ్ళ కాగు కింద పొయ్యి రాజేయడానికి కవర్ వాడటం చాలా ఇళ్ళల్లో అలవాటు. పెరటి మంటలో వేడి సరిపోదు. ప్లాస్టిక్ పూర్తిగా కాలదు, పొగవుతుంది. అందులో పీవీసీ ముక్క ఉంటే యాసిడ్ ఆవిరి, డయాక్సిన్లు అనే విషాలు కూడా వస్తాయి. ఆ పొగ మొదట పీల్చేది పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మే.

ఇది మన ఊరి వెనకబాటుతనం అనుకోకండి. 2017లో శాస్త్రవేత్తలు లెక్క కట్టినప్పుడు, అప్పటిదాకా ప్రపంచంలో వ్యర్థంగా మారిన ప్లాస్టిక్‌లో రీసైకిల్ అయింది దాదాపు 9 శాతమే. ధనిక దేశాలు తమ చెత్తను చాలాకాలం ఓడల్లో చైనాకి పంపేవి. 2018లో చైనా తలుపు మూసేసరికి వాళ్ళకూ దిక్కు తోచలేదు. మన దేశంలో 2016 నాటి నిబంధనలు, రీసైకిల్ కాని పొరల ప్లాస్టిక్‌ని రెండేళ్ళలో ఆపేయాలన్నాయి. 2018లో ఆ మాట సవరించి, మంటకు గానీ ఇంకో ఉపయోగానికి గానీ పనికి రానివాటిని మాత్రమే ఆపాలన్నారు. ఏదో ఒక బట్టీలో మండేదంతా ఆ సందులోంచి బయటపడింది. 2022 జూలై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ స్పూన్లు, ప్లేట్లు వంటివి నిషేధించారు. సాచెట్ ఆ జాబితాలో లేదు. అయితే అదే 2022లో ఉత్పత్తిదారుల బాధ్యత గట్టిపడింది. పొరల ప్లాస్టిక్ అమ్మే కంపెనీలు 2024-25లో 30 శాతం, 2027-28 నాటికి 60 శాతం రీసైకిల్ చేయించి లెక్క చూపాలి. అంటే ఈ చెత్తకు మొదటిసారి వెనక కొంత డబ్బు వచ్చింది. ఆ డబ్బు మన వీధి దాకా రావాలంటే ఏం కావాలన్నదే నా మాటల సారాంశం.

సాంకేతికంగా దారులు ఉన్నాయి. ఒకటి రోడ్డు. మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్ వాసుదేవన్ గారు ఈ పద్ధతి రూపొందించారు. 2018లో పద్మశ్రీ అందుకున్నారు. కంకరని 160, 170 డిగ్రీలకు వేడి చేసి దాని మీద ప్లాస్టిక్ ముక్కలు చల్లితే అవి కరిగి రాయికి పూతలా పట్టుకుంటాయి. తర్వాత తారు కలుపుతారు. ఒంటి వరస రోడ్డు కిలోమీటరు వేస్తే సుమారు టన్ను ప్లాస్టిక్ పడుతుంది, అంత తారు మిగులుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీనికి 2013లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పీవీసీ మాత్రం ఇందులో వేయకూడదు.

రెండోది సిమెంటు ఫ్యాక్టరీ. మనకు దగ్గరలో జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. సిమెంటు బట్టీలో ముడిసరుకు 1,450 డిగ్రీల దాకా కాలుతుంది. ఆ వేడిలో పొరల ప్లాస్టిక్ పూర్తిగా కాలి, బొగ్గు బదులు పనిచేస్తుంది. బూడిద కూడా సిమెంటులోనే కలిసిపోతుంది. దీన్ని రీసైక్లింగ్ అనలేం, ప్లాస్టిక్ మళ్ళీ ప్లాస్టిక్ కావడం లేదు. పెరటి మంటకు, దీనికి మాత్రం పోలికే లేదు. మూడోది పలకలు. పొరల కవర్లు, జ్యూస్ డబ్బాలు ముక్కలు చేసి వేడి మీద అదిమి బల్లలకు, గోడలకు పనికొచ్చే పలకలు చేసే పరిశ్రమలు దేశంలో ఉన్నాయి.

మరి ఇన్ని దారులుంటే కాలువలో కవర్లు ఎందుకున్నాయి? ఈ మూడింటికీ కావలసింది ఒకటే. సరుకు పొడిగా ఉండాలి, రకం వేరు చేసి ఉండాలి, లారీకి సరిపడా ఒకచోట ఉండాలి. కొరత అక్కడే ఉంది. యంత్రం కొనవచ్చు. ఆరబెట్టిన కవర్‌ని కొనలేం, అది ఇంట్లోనే తయారవ్వాలి.

లెక్కల మాస్టారు ముందు కూర్చున్నారు కాబట్టి ఒక లెక్క చేద్దాం. బడిలో 500 మంది పిల్లలు ఉన్నారనుకుందాం. ఒక్కో ఇంటి నుంచి వారానికి 10 పొరల ప్యాకెట్లు, ఏడాదికి 50 వారాలు. మొత్తం రెండున్నర లక్షల ప్యాకెట్లు. ఒక్కోటి రెండున్నర గ్రాములు వేసుకుంటే 625 కిలోలు. ఏడాదంతా కష్టపడితే అర కిలోమీటరు పైచిలుకు రోడ్డుకి సరిపోతుంది. లారీకి 10 టన్నులు అనుకుంటే 16 బడులు కలవాలి. ఒక్క బడి చేస్తే అది ఫోటోకి పనికొస్తుంది. 16 బడులు చేస్తే లారీ కదులుతుంది. ఏలూరు, దెందులూరు, భీమడోలు, ఉంగుటూరు, గూడెం దారి పొడవునా 16 బడులు దొరకడం కష్టం కాదు. వాటిలో చాలాచోట్ల మన పూర్వ విద్యార్థులే టీచర్లుగా ఉన్నారు.

అందుకే కమిటీకి నా ప్రతిపాదన ఇది. స్వర్ణోత్సవ నిధితో స్వాగత ద్వారం కట్టాలన్న ఆలోచన ఉందని విన్నాను. దానికి నేను అడ్డు చెప్పను. ద్వారం ఎత్తు కొంచెం తగ్గించైనా సరే, బడి ఆవరణలో ఒక చిన్న గది కట్టండి. వాన పడనిది, గాలి ఆడేది, తాళం వేసుకునేది. లోపల నాలుగు అరలు చాలు. పాల ప్యాకెట్ల వంటి ఒంటి పొర కవర్లకు ఒకటి, చిప్స్, సాచెట్ల వంటి పొరల కవర్లకు ఒకటి, థర్మోకోల్‌కి ఒకటి, ఫ్లెక్సీలకు, మాత్రల స్ట్రిప్పులకు ఒకటి. చివరిదాన్ని విడిగా ఉంచడం ముఖ్యం, రెండింటిలోనూ పీవీసీ ఉంటుంది. అది కలిస్తే మొత్తం సరుకు చెడుతుంది. చేత్తో తిప్పే ఒక బేలింగ్ ప్రెస్ పెట్టండి. పొగాకు బేళ్ళలా కట్టకపోతే లారీలో సగం గాలే ప్రయాణం చేస్తుంది. ఆ ప్రెస్ డ్రాయింగ్ నేను గీసి ఇస్తాను. గూడెంలో 2015 నుంచి ఎన్.ఐ.టి. ఉంది. అక్కడి విద్యార్థులు ముందుకొస్తే దాన్ని ఇంకా మెరుగు చేయవచ్చు.

సేకరణకు కొత్త రోజు పెట్టుకోనక్కర్లేదు. 2025 జనవరి నుంచి ప్రతి నెల మూడో శనివారం స్వచ్ఛాంధ్ర జరుగుతోంది. పిల్లలు ఆ రోజే ఇంటి నుంచి ఒక సంచి తెస్తారు. పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాల షెడ్లు చాలాచోట్ల కట్టే ఉన్నాయి. కట్టిన బేళ్ళు అక్కడ చేర్చి, అక్కడి నుంచి లారీ ఎత్తాలి. కొనేవాళ్ళతో, మున్సిపాలిటీతో, పంచాయతీలతో మాట్లాడే పని మా బ్యాచ్ తీసుకుంటుంది.

కొన్ని జాగ్రత్తలు. దయచేసి ఎక్కువ బరువు తెచ్చిన తరగతికి బహుమతి పెట్టకండి. పెడితే ఆ నెల చిప్స్ అమ్మకాలు పెరుగుతాయి, అంతే. ఇవ్వదలిస్తే సంచి శుభ్రంగా, పొడిగా ఉన్నందుకు ఇవ్వండి. పిల్లల చేత వీధిలో, కాలువలో చెత్త ఏరించకండి. వాళ్ళ పని వాళ్ళ ఇంటి సంచి వరకే. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, సూదులు ఈ గదిలోకి రాకూడదు. వాటిని విడిగా చుట్టి పారిశుద్ధ్య కార్మికులకు వేరుగా ఇవ్వాలి. ఇంతకాలం మన చెత్త చేత్తో వేరు చేసింది వాళ్ళే. మనం వేరు చేసి ఇస్తే తగ్గేది వాళ్ళ కష్టమే.

ఇంట్లో చేయాల్సింది చాలా చిన్నది. పాల ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూల ముక్కని పూర్తిగా తెంచకండి. ఆ ముక్క ఏ జల్లెడకీ దొరకదు. గిన్నెలు కడిగిన ఆఖరి నీళ్ళతో కవర్ ఒకసారి జాడించి తీగ మీద ఆరేయండి. షాంపూ, కారం వంటివి నెల సరుకుల్లో పెద్ద ప్యాకెట్ కొనగలిగినవాళ్ళు కొనండి. కొనలేనివాళ్ళని సాచెట్ వాడొద్దనే హక్కు మనకు లేదు. కర్రీ పాయింట్‌కి స్టీలు క్యారేజీ పట్టుకెళ్ళండి. మన తల్లిదండ్రులు హోటల్‌కి అలాగే వెళ్ళారు. జనపనార మిల్లు నడిచిన ఏలూరులో చేతిసంచి అనేది కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు.

ఒక నిజం కూడా చెప్పాలి. ఈ గది వల్ల కొల్లేరు బాగుపడిపోదు. తయారయ్యే కవర్ తగ్గనంతకాలం మనం పోగేసేది కొంతే. కంపెనీలు పొరలన్నీ ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసే ప్యాకింగ్‌కి మారాలి. అది సాధ్యమే, మా రంగంలో ఆ పని మొదలైంది. చట్టం నొక్కితే వేగం పెరుగుతుంది. నొక్కమని అడగడానికి మన దగ్గర తూకం చీటీలు ఉండాలి. ఏ నెల ఏ రకం కవర్ ఎన్ని కిలోలు వచ్చిందో మన పిల్లలు రాసిన పుస్తకం రెండేళ్ళు ఉంటే, అది పట్టుకుని ఏ అధికారి ముందైనా, ఏ కంపెనీ ముందైనా కూర్చుని మాట్లాడవచ్చు. సైన్స్ టీచర్లకు నా విన్నపం, ఆ పుస్తకం ప్రాజెక్టు పనిగా తీసుకోండి.

మధ్యాహ్నం భోజనాలు అరిటాకుల్లో పెడుతున్నారని, నీళ్ళు స్టీలు గ్లాసుల్లో ఇస్తున్నారని కమిటీ వారు చెప్పారు. కృతజ్ఞతలు. పేపర్ గ్లాసు అనుకునే దానిలో కూడా లోపల ప్లాస్టిక్ పొర ఉంటుందని పిల్లలు గుర్తుపెట్టుకోవాలి.

సాయంత్రం సర్వసభ్య సమావేశం ఉంది. గది సంగతి అజెండాలో చేర్చమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. గదికి అయ్యే ఖర్చులో మా 1986 బ్యాచ్ వాటా ఎంతో ఆ సమావేశంలోనే ప్రకటిస్తాం. తర్వాతి బ్యాచ్‌ల వారు ఆలోచించుకోండి.